మొల్ల: పూవు పేరు, కవయిత్రి పేరు, మరి మన పిల్లల పేరు?

పోయిన నెల మా తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. పుబ్బ నక్షత్రం, మొదటి పాదం. పేరు ‘మో’తో మొదలవ్వాలన్నారు పంతులుగారు. మోక్ష, మోహన, మోనిక అంటూ తలా ఒకటి చెబుతుంటే మా మరదలు మెల్లగా, “మొల్ల అని పెట్టుకుందామండీ” అంది. ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. పాతకాలం పేరని మా పిన్ని, అక్షరం కుదరదని మా నాన్న. వాళ్లుండేది పుణెలో కాబట్టి బడిలో అందరూ ‘ముల్లా’ అని పిలుస్తారని తమ్ముడి టెన్షన్. “తెలుగు చదువుకున్నవాడివి, నువ్వే తేల్చు” అని అమ్మ ఆ పని నా మీద పెట్టింది. వారం రోజులుగా ఇదే పనిలో ఉన్నాను. నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను. పొరపాట్లుంటే పెద్దలు సరిదిద్దండి.

మొల్ల అంటే మల్లె కాదు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు, నేనూ అనుకున్నాను. మల్లె వేసవి పూవు. మొల్ల చలికాలంలో పూస్తుంది. సన్నని పొడవాటి రేకులు, తెల్లటి తెలుపు, మల్లెకున్నంత ఘాటు వాసన ఉండదు. చలికాలంలో పూలబజారులో కాగడాలని మూరల లెక్కన అమ్మేది ఈ జాతే. సంస్కృతంలో దీని పేరు కుందం. అమరకోశమనే సంస్కృత నిఘంటువులో దీనికి మాఘ్యం అని ఇంకో పేరుంది, మాఘమాసంలో పూసేది కాబట్టి. కావ్యాల్లో నాయికల పలువరుసను మొల్లమొగ్గలతో పోల్చేది ఆ తెలుపు కోసమే.

ఇక్కడ నాకు ఒళ్లు పులకరించిన సంగతి ఒకటి చెప్పాలి. అక్షరాభ్యాసం నాడు మన పిల్లల చేత చదివించే సరస్వతీ శ్లోకం ‘యా కుందేందు తుషారహార ధవళా’ అని మొదలవుతుంది. కుందం, ఇందువు, తుషారం. అంటే మొల్లపూవు, చంద్రుడు, మంచు. సరస్వతి తెలుపుకి అందరికంటే ముందు చెప్పిన పోలిక మొల్ల. ఇన్నేళ్లుగా ఆ శ్లోకం చదువుతూ, అందులో తొలి పోలిక ఈ పూవేనని ఒక్కరోజూ తట్టలేదు నాకు. పిన్నికి ఇది చెప్పాక ఆవిడ ‘పాతకాలం పేరు’ అనడం మానేసింది.

ఇక మాట పుట్టుక. మల్లె సంస్కృత మల్లికకు దగ్గరి మాట. మొల్ల అలాంటిది కాదు, ద్రావిడ పదం. తమిళంలో ముల్లై, మలయాళంలో ముల్ల, కన్నడంలో మొల్లె. తమిళంలో మల్లిగై వేరు, ముల్లై వేరు. కన్నడంలో మల్లిగె వేరు, మొల్లె వేరు. మనకీ అలాగే మల్లె, మొల్ల. మూడు భాషల్లోనూ ఈ జంట విడివిడిగా నిలిచిందంటే, మొల్ల అనేది మల్లె అన్న మాట మారి వచ్చింది కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

తమిళంలో ‘ము’, మనకు ‘మొ’ ఎందుకంటే, అది ఒక క్రమం ప్రకారం జరిగే మార్పు. వాళ్ల పుగై మనకు పొగ, కన్నడంలో హొగె. వాళ్ల ముదల్ మనకూ కన్నడిగులకూ మొదలు. వాళ్ల కుడై కన్నడంలో కొడె, మనకు గొడుగు. ముల్లై, మొల్ల కూడా ఆ వరుసలోవే. అయితే మాట ఒకటే గానీ పూవు అన్నిచోట్లా ఒకటి కాదు. తమిళులు ఈనాడు ముల్లై అనేది వేరే జాతి సన్నజాజి లాంటి పూవు. మలయాళంలో ముల్ల అంటే మల్లెజాతి మొత్తానికీ చెల్లుతుంది.

తమిళుల దగ్గర ఈ పూవుకున్న గౌరవం చూస్తే మనమెంత వదిలేసుకున్నామో తెలుస్తుంది. సంగం కవిత్వంలో, అంటే ప్రాచీన తమిళ కవిత్వంలో, ఐదు తిణైలు ఉన్నాయి. తిణై అంటే ఒక రకం నేల, దానికి తగిన మనుషులు, కాలం, మనోభావం కలిసిన లోకం. వాటిలో ఒకదాని పేరే ముల్లై. అడవులు, పశువుల కాపరులు, వానాకాలం, సాయంత్రం, దూరమైన భర్త వస్తాడన్న నమ్మకంతో ఎదురుచూసే ఇల్లాలు, ఇదంతా ముల్లై లోకం. ఆ లోకానికి దేవుడు మాయోన్, అంటే విష్ణువు. పారి అనే రాజు, పాకడానికి పందిరి లేక అల్లాడుతున్న ముల్లై తీగను చూసి తన రథాన్నే అక్కడ వదిలి వెళ్లాడని చెప్పుకుంటారు. తమిళనాట ఆడపిల్లలకు ముల్లై అన్న పేరు ఇప్పటికీ పెడుతున్నారు.

మనకు మొల్ల అంటే గుర్తొచ్చేది ఒక్కరే, సుమారు ఐదు వందల ఏళ్ల కిందట తెలుగులో రామాయణం రాసిన ఆతుకూరి మొల్ల. తండ్రి కేసనసెట్టి శివభక్తుడు. గోపవరపు శ్రీకంఠమల్లేశుడి వరం వల్లే కవిత్వం చెప్పడం నేర్చుకున్నానని ఆమే రాసుకుంది. మల్లె వినిపించే పేరున్న మల్లేశుడి భక్తుడు కాబట్టి కూతురికి పూవు పేరు పెట్టుకున్నాడని కొందరంటారు. అది ఊహే అయినా అందమైన ఊహ.

నాకు అంతకంటే ముఖ్యమనిపించింది ఆశ్వాసాంత గద్య, అంటే కావ్యంలో ఒక భాగం ముగిసేచోట కవి తన గురించి చెప్పుకునే వచనం. అందులో ఆమె తనను ‘కేసనసెట్టి తనయ మొల్ల నామధేయ’ అని చెప్పుకుంది. మొల్లమాంబ కాదు, మొల్లమ్మ కూడా కాదు, మొల్ల. ఈ మధ్య కొన్నిచోట్ల గౌరవం కోసమని మొల్లమాంబ అని రాస్తున్నారు. వాళ్ల ప్రేమను తప్పుపట్టను. కానీ ఆమె తన పేరుకు తోక అక్కర్లేదనుకుంది, మనమెందుకు తగిలించాలి?

పేరు వాడుక గురించి. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద మొల్ల విగ్రహం ఉంది. 1970లో వాణిశ్రీ మొల్లగా నటించిన సినిమా వచ్చింది. 2017లో తపాలా బిళ్ల వేశారు. బళ్లో పాఠం చదవని తెలుగు పిల్లలు అరుదు. ఇంత పేరున్నా, పిల్లలకు పెట్టే పేరుగా మాత్రం రాలేదు. మా అమ్మమ్మ ఊళ్లో ఒక మొల్లమ్మ ఉండేదట. నా తరంలో నేను ఒక్క మొల్లనీ చూడలేదు. వెన్నెల, సిరి లాంటి తెలుగు పేర్లు ఇష్టంగా పెట్టుకుంటున్నారు కాబట్టి తెలుగు మాట అన్నది అడ్డు కాదు. పాఠంలో చదివిన పేరు ఆ ఒక్క మనిషిదిగానే మనసులో ఉండిపోయిందేమో. ఇంకో కారణం మా ఇంట్లోనే ఒకరి నోట విన్నాను. మొల్లది కుమ్మరి కులమని పరంపరగా చెబుతారు కదా, ‘వాళ్ల పేరు మనకెందుకు’ అని. ఆ మాట విని చాలా బాధపడ్డాను. రామాయణం అందరిదీ అయినప్పుడు దాన్ని తెలుగు చేసినావిడ పేరు కొందరిదే ఎలా అవుతుంది?

నాన్న అభ్యంతరానికి జవాబు ఇది. నక్షత్రాల అక్షరాల పట్టీ సంస్కృతం నుంచి వచ్చింది. సంస్కృతంలో హ్రస్వమైన ఎ, ఒ లేవు, ఉన్నవి ఏ, ఓ మాత్రమే. అందుకే ఆ పట్టీలో ‘మొ’ కనిపించదు. తెలుగు మాటకొచ్చేసరికి ‘మో’ ఉన్నచోట ‘మొ’ చెల్లుతుందా అని పంతులుగారినే అడిగాం. నిక్షేపంగా పెట్టుకోండన్నారు. పైగా ఆ హ్రస్వమే, ఇది సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్న మాట కాదనడానికి సాక్ష్యం.

‘ముల్లా’ సంగతి మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేను. హిందీ, మరాఠీ మాట్లాడేవాళ్లకు హ్రస్వ ఒకారం అలవాటు లేదు. ముల్లా అనో మోలా అనో అంటారు, పిల్ల సరిదిద్దుకుంటూ ఉండాలి. ఆ కష్టం పడేది మనం కాదు, పిల్ల. ఇదే మరదలితో అన్నాను. “నా పేరు కూడా అక్కడ ఎవరూ సరిగ్గా పలకరు బావగారూ. కనీసం దాని పేరుకి చెప్పుకోడానికి ఒక కథ ఉంటుంది” అంది. ఇక నేనేం మాట్లాడలేదు.

మర్నాడు చేర్చినది: పేర్ల సైట్‌లో మొల్ల అంటే సమృద్ధి అని ఉందని, ఇది చదివిన ఒక సోదరి రాశారు. అది ‘మొల్లము’ అనే వేరే మాట, విస్తారం, ఎక్కువ అని అర్థం. పేరులో ఉన్నది పూవే. మొలకెత్తడానికీ దీనికీ సంబంధం ఉందా అని ఇంకొకరు అడిగారు. మొలకలో ఉన్నది ఒంటి ల, తమిళంలో అది ముళై, అక్కడ ళకారం. ముల్లైలో జంట ల. కాబట్టి రెండూ వేరు మూలాలు.

వచ్చే గురువారం బాలసార. పళ్లెంలో బియ్యం పోసి తమ్ముడు ఉంగరంతో రాయబోయేది రెండే అక్షరాలు. ఆ రోజు పళ్లెం పక్కన మొల్లపూలు పెట్టాలని మరదలి కోరిక. మీ వైపు, ముఖ్యంగా శ్రీకాకుళం, కడప, పాలమూరు వైపు ఈ పూవును ఏమని పిలుస్తారో, ‘మొల్ల’ అన్న మాట ఇంకా ఎవరి నోటనైనా వినిపిస్తోందో చెప్పండి.