మా అన్న నొప్పి మాత్రలు మానలేకపోతున్నాడు, రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి

సాగర్_ఆయకట్టు:

అందరికీ నమస్కారం. మాది హుజూర్‌నగర్ దగ్గర పల్లె. మా అన్న వరికోత మిషను నడుపుతాడు. రెండేళ్ల కింద బైకు మీద నుంచి పడి తొడ ఎముక విరిగితే రాడ్డు వేశారు. ఇంటికి పంపేటప్పుడు ట్రమడాల్, పారాసెటమాల్ కలిపిన మాత్రలు 10 రోజులకు రాశారు. కాలు అతుక్కుంది, కుంటు కూడా లేదు. మాత్రలు మాత్రం ఆగలేదు.

రోజుకు రెండు వేసుకుంటున్నాడేమో అనుకునేవాళ్లం. పోయిన యాసంగి కోతలప్పుడు మిషను క్యాబిన్ తుడుస్తుంటే సీటు కింద కవరు నిండా ఖాళీ స్ట్రిప్పులు దొరికాయి. వదినా నేనూ కూర్చుని లెక్కపెట్టాం. రోజుకు 15 దాకా పడుతున్నాయి. అడిగితే "నా నొప్పి మీకేం తెలుసు" అని కసిరాడు, కాసేపటికి ఏడ్చాడు. అన్న ఏడవడం నాన్న పోయిన రోజు చూశాను, మళ్లీ అప్పుడే.

సంక్రాంతికి ముందొకసారి, పోయిన నెలలో ఒకసారి ఫిట్స్ వచ్చాయి. మా ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు లేదు. మొదటిసారి వచ్చినప్పుడు సూర్యాపేటలో చూపిస్తే తలకు స్కాన్ తీసి, అంతా బాగానే ఉందని ఫిట్స్ మాత్రలు రాశారు. అప్పటికి ఈ స్ట్రిప్పుల సంగతి మాకు తెలియదు, అన్న నోరు విప్పలేదు. సాయంత్రాలు కల్లు కూడా తాగుతాడు.

మా అమ్మ మోకాలి ఆపరేషన్‌కు ఇవే మాత్రలు వారం తిన్నది. వాంతులొస్తున్నాయని మిగిలినవి తనే అవతల పారేసింది. ఆమెను పట్టుకోనిది అన్నను ఎందుకు పట్టుకుంది? ఇంట్లో దొరికిన మాత్రలన్నీ కాల్వలో పడేద్దామని వదిన అంటోంది. పడేయొచ్చా? ఆసుపత్రికి పోతే పోలీసు కేసవుతుందని అన్న భయపడుతున్నాడు, నిజమేనా?

ముక్కుసూటి:

మెత్తగా ఉంటే ఇంతే. గదిలో పెట్టి తాళం వేయండి, వారం రోజులు అన్నం, నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకండి. మా మేనమామను అట్లాగే మాన్పించాం.

మందుల_కొట్టు:

చెల్లెమ్మా, ఆ తాళం పని మాత్రం చేయకు. నాకు నరసరావుపేటలో మెడికల్ షాపు ఉంది, 22 ఏళ్లుగా కౌంటర్ వెనకే ఉన్నా. ముందు లెక్క చూద్దాం.

ఆ కలిపిన మాత్రలో మామూలుగా ట్రమడాల్ 37.5 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 325 ఉంటాయి. 15 వేసుకుంటే ట్రమడాల్ 560 దాటింది. పెద్దవాళ్లకు రోజుకు 400 మించకూడదని కంపెనీ కాగితం మీదే రాసి ఉంటుంది. ఆ గీత దాటినకొద్దీ ఫిట్స్ ముప్పు పెరుగుతుంది. మిగతా నొప్పి మందుల్లో పెద్దగా కనపడని గుణం ఇది, ట్రమడాల్‌కు ప్రత్యేకం. అంటే మీ అన్నది మూర్ఛ రోగం కాకపోవచ్చు, మాత్ర తెచ్చిన ఫిట్స్ కావచ్చు. తేల్చాల్సింది డాక్టరే, కానీ ఆయనకు స్ట్రిప్పులు చూపించకుండా ఎట్లా తేలుతుంది? రెండోది, 15 మాత్రల్లో పారాసెటమాల్ దాదాపు 4,900 మిల్లీగ్రాములు. 4,000 దాటితే కాలేయానికి ప్రమాదం. నొప్పి గోలలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. లివర్ పరీక్ష కూడా చేయించండి.

ఇక కల్లు. మీ వైపు కల్లులో ఆల్ప్రజోలం అనే నిద్రమత్తు మందు కలుపుతారన్నది కొత్త మాట కాదు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూసేస్తే జనం ఫిట్స్‌తో, మతి తప్పిన మాటలతో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వచ్చారు. అది రోజూ పడి ఒక్కసారిగా ఆగితే ప్రాణం మీదికొస్తుంది, అందుకే తాళం వద్దన్నది. ఆగకుండా ట్రమడాల్‌తో కలిసి పడితే ఇంకో ప్రమాదం. రెండూ ఊపిరిని మందగించేవే.

పోలీసు భయం గురించి. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను మత్తుమందుల చట్టం, అదే ఎన్‌డీపీఎస్ కిందకు తెచ్చారు. అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడినందుకో, కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకో కేసు పడినా, తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు చేరి పూర్తి చేసుకున్నవాడిని శిక్షించకూడదని అందులో ఉంది. వైద్యానికి వచ్చినవాడి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

ఒక్కటి ఒప్పుకోవాలి. ఈ మందు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ హెచ్1 రిజిస్టర్లో పేషెంటు పేరు, డాక్టరు పేరు రాసి మూడేళ్లు దాచాలి. రోజుకు 15 మీ అన్నకు ఎవరో రాయకుండానే ఇస్తున్నారు. చట్టం బిగిశాక నా కౌంటర్ ముందు ట్రమడాల్ అడిగేవాళ్లు తగ్గి, దాని జాతిదే అయిన టాపెంటడాల్ అడిగేవాళ్లు వచ్చారు. చీటీ ఏదంటే, "నిన్న పక్క కొట్టులో ఇచ్చారుగా" అంటారు. కొత్తలో తెలిసిన ముఖమని నేనూ ఒకటి రెండు స్ట్రిప్పులు ఇచ్చినవాడినే. కేంద్రం ఎయిమ్స్ చేత తీయించి 2019లో బయటపెట్టిన లెక్కలో నల్లమందు తినేవాళ్లకంటే ఇట్లాంటి మందుబిళ్లలను వైద్యానికి కాకుండా వాడేవాళ్లే ఎక్కువ తేలారు. ఓపియాయిడ్ల వల్ల, అంటే నల్లమందు, ట్రమడాల్ జాతి మందుల వల్ల, సాయం అవసరమైన స్థితికి వచ్చినవాళ్లు దేశంలో 77 లక్షలు. అందులో నా కొట్టు మెట్లెక్కినవాళ్లు ఎందరో.

గేరు_మార్చినవాడు:

అమ్మా, నేను లారీ డ్రైవర్ని. గుంటూరు యార్డులో మిర్చి ఎత్తుకుని కలకత్తా పోయేవాడిని. నడుంలో డిస్కు జారితే ఈ మాత్రే రాశారు, 50 ది, పూటకొకటి. మీ అన్న చెప్పలేనిది నేను చెబుతాను.

మొదటి మాత్ర పడ్డ రాత్రి నడుం నొప్పి పోయింది సరే, దాంతోపాటు ఫైనాన్స్ వాడి ఫోన్లు, పెద్దమ్మాయి పెళ్లి అప్పు, అన్నీ వేరే ఎవరివో అన్నట్టు దూరం జరిగాయి. ఒంటికి హుషారు. బరంపురం దాకా ఎక్కడా ఆగకుండా తోలేశాను. ఇదేదో మంచి మందే అనుకున్నా. మత్తు అనిపిస్తే భయపడేవాడినేమో, అది మత్తులాగా రాలేదు, పని చేసుకునే ఓపికలాగా వచ్చింది. మీ అన్న కోతల్లో పగలూ రాత్రీ మిషను మీదే కూర్చుంటాడు కదా, ఆయనకూ అట్లాగే వచ్చుంటుంది.

నెలకల్లా రెండు చాలలేదు. నాలుగు, ఆరు, తర్వాత రోజుకో స్ట్రిప్పు. ఒకసారి ఖరగ్‌పూర్ అవతల ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కున్నాం, మాత్రలు అయిపోయాయి. సాయంత్రానికి ఆవలింతలు మొదలయ్యాయి, ఒకదాని మీద ఒకటి. ముక్కు కారడం, కళ్లలో నీళ్లు, చలి, అంతలోనే చెమట. జలుబనుకున్నా. రాత్రికి విరేచనాలు, కాళ్లు ఎవరో లోపలి నుంచి పీకుతున్నట్టు. నేలకు ఆనించలేను, మడవలేను. ఎక్కడో ఒక స్ట్రిప్పు సంపాదించి మూడు మింగాను. అరగంటలో ఏ జబ్బూ లేదు. ఆ రోజు తెలిసింది నాకు నడుం నొప్పి ఎప్పుడో తగ్గిపోయిందని. నొప్పికి వేసుకున్నది ఆరు నెలలే. ఆ తర్వాత మూడేళ్లు మాత్ర లేకపోతే వచ్చే బాధకే వేసుకున్నా. మీ అన్న "నొప్పి" అంటే అబద్ధమనుకోకండి. నిజంగానే నొప్పి పుడుతుంది, ఏ నొప్పో ఆయనకే తెలియదు. మాత్ర పెరిగేకొద్దీ ఒళ్లు నొప్పిని ఇంకా ఎక్కువగా పట్టుకుంటుందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

మలబద్ధకం సంగతి కూడా అడగండి. నాకు నాలుగు రోజులకోసారి. ఇది సిగ్గుపడి ఎవరూ చెప్పరు.

దాబా దగ్గర నాకూ ఫిట్స్ వచ్చి పడిపోయా. క్లీనర్ కుర్రాడు తాళంచెవి చేతిలో పెట్టాడు. అదే స్టీరింగ్ మీద వచ్చుంటే! అందుకని ముందు అన్నను మిషను దింపండి, మిగతావన్నీ తర్వాత.

ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలో చేరాను. పిచ్చాసుపత్రి అంటారని మా ఆవిడ బంధువులకు నడుం ఆపరేషన్ అని చెప్పింది, ఇప్పటికీ అదే నమ్ముతున్నారు. అక్కడ నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్ర మొదలుపెట్టారు. బయట షాపుల్లో దొరకదు, ఇట్లాంటి కేంద్రాలకే ఇస్తారు. ఇదీ ఆ జాతి మందే కదా, దొంగను తీసి దొంగను పెట్టినట్టు కాదా అని మా బావమరిది గొడవ. డాక్టరమ్మ చెప్పిందేమిటంటే, ఇది మెదడులో ఆ సీట్లోనే కూర్చుంటుంది కానీ ఒక హద్దు దాటి పనిచేయదు, పీకుడు మాత్రం రానివ్వదు. ఒంట్లో పాత మందు ఉండగా వేస్తే పీకుడు ఒక్కసారిగా వచ్చిపడుతుందట, అందుకే ఆవలింతలు మొదలయ్యేదాకా ఆగి వేశారు. అందరికీ ఇదే ఇవ్వరు. నా పక్క మంచం ఆయనకు ట్రమడాల్‌నే కొంచెం కొంచెంగా తగ్గించారు.

కాల్వలో పడేయడం గురించి అడిగారు. మీ వదినను పడేయొద్దనండి. ఆమె దగ్గర తాళంలో పెట్టుకుని, డాక్టర్ని కలిసేదాకా ఎన్ని ఇవ్వాలో 14446 కు ఫోన్ చేసి అడగండి. ఖర్చు లేని ప్రభుత్వ నంబరు.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఇందాకటి నుంచి ఆలోచిస్తున్నా. నాతో పాటు లోడ్లు తోలినవాడొకడు ఏదో ప్రైవేటు కేంద్రంలో మూడు నెలలు ఉండి వచ్చాడు. ముఖం తేటగా ఉంది, ఒళ్లు చేశాడు. వచ్చిన రాత్రే పాత లెక్క ప్రకారం వేసుకున్నాడు, మీద ఒక క్వార్టర్. మూడు నెలల్లో ఒళ్లు ఆ లెక్క మర్చిపోయిందని వాడికి ఎవరూ చెప్పలేదు. రాత్రంతా గురక పెట్టాడట. హాయిగా పడుకున్నాడని వాళ్లమ్మ దుప్పటి కప్పింది.

నేను మాత్ర మానేసి 14 నెలలు. మధ్యలో ఒకసారి జారాను, మళ్లీ పోయి చెప్పుకున్నా, తిట్టలేదు.

రాత్రి_డ్యూటీ_నర్సు:

నేను ఒహాయోలో ఎమర్జెన్సీ నర్సుని, మాది తెనాలి. అమ్మను పట్టుకోనిది అన్నను ఎందుకు పట్టుకుంది అన్న ప్రశ్నకు నాకు తెలిసినంత.

ట్రమడాల్‌ను కాలేయంలోని ఒక ఎంజైము ఇంకా బలమైన మందుగా మారుస్తుంది. అది పుట్టుకతోనే కొందరిలో చురుకు, కొందరిలో మందకొడి. ఒకే మాత్ర ఇద్దరికి రెండు మందులవుతుంది. మీ అమ్మకు వాంతులు రావడమే ఆమె అదృష్టం! ఇంట్లో తాగుడు చరిత్ర ఉండటం, దిగులు, నిద్రలేమి, చిన్న వయసు ఇవన్నీ తోడవుతాయి. అన్నిటికంటే ఎన్ని రోజులు వాడారన్నది ముఖ్యం. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2017లో చూసింది: మొదటిసారి ఒక నెలకు పైగా ఈ జాతి మందులు వాడినవాళ్లలో దాదాపు 30 శాతం మంది ఏడాది తర్వాత కూడా వాడుతూనే ఉన్నారు. కనీసం ఒక్కరోజైనా వాడినవాళ్లందరినీ కలిపి చూస్తే 6 శాతం. మీ అన్నకు 10 రోజుల తర్వాత ఆపమని ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా?

ఇక్కడ వాళ్లూ తేలిగ్గానే తీసుకున్నారు. 1980లో ఒక వైద్య పత్రికలో చిన్న ఉత్తరం వచ్చింది. ఆసుపత్రిలో ఈ మందులు తీసుకున్న 11,882 మందిలో అలవాటు పడ్డవాళ్లు నలుగురే అని. అది మంచం మీద నర్సు చేత్తో మందు తీసుకున్నవాళ్ల లెక్క. ఇంటికి నెలల తరబడి డబ్బాలిచ్చినా ఫరవాలేదని దాన్ని పట్టుకుని చెప్పేశారు. 1996లో ఆక్సికాంటిన్ అనే ఇదే జాతి నొప్పి మాత్ర వచ్చింది, తయారుచేసిన పర్డ్యూ వాళ్లు అలవాటయ్యే ప్రమాదం తక్కువని అమ్మారు. 2007లో తప్పుదోవ పట్టించామని కోర్టులో ఒప్పుకుని 60 కోట్ల డాలర్లకు పైగా కట్టారు. నా డ్యూటీలో ఇప్పుడు వచ్చేవి ఇదే జాతిలో చాలా బలమైన ఫెంటనిల్ కేసులు, కానీ వయసు మళ్లినవాళ్లను కదిలిస్తే కథ నడుం నొప్పి దగ్గరో పంటి నొప్పి దగ్గరో మొదలవుతుంది.

డ్రైవర్ అన్నయ్య రాసిన ఆ గురక గురించి. లేపితే లేవకపోవడం, గురగుర శబ్దం, ఊపిరి బాగా నెమ్మదించడం, పెదాలు నీలంగా మారడం, కనుపాప సూదిమొనంత కావడం. వీటిలో ఏది కనపడినా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108 కి ఫోన్ చేయండి, ఏం మింగాడో దాచకుండా చెప్పండి. నాలాక్సోన్ అనే విరుగుడు ఉంది. ఇక్కడ ముక్కులో కొట్టే స్ప్రే 2023 నుంచి చీటీ లేకుండానే అమ్ముతున్నారు. అక్కడ ఆసుపత్రిలో ఇంజెక్షన్ రూపంలో ఇస్తారు.

ముక్కుసూటి:

తాళం మాట వెనక్కి తీసుకుంటున్నా. మా మేనమామది సారా. అయినా ఆయన మళ్లీ మొదలుపెట్టాడులెండి, అది రాయలేదు.

సాగర్_ఆయకట్టు:

అందరికీ దండాలు. డ్రైవర్ అన్న రాసింది అన్నకు చదివి వినిపించాను. ఆవలింతల దగ్గరికి వచ్చేసరికి "ఆపు" అన్నాడు. కాసేపాగి తనే ఫోన్ తీసుకుని మిగతాది చదువుకున్నాడు. మలబద్ధకం దగ్గర మాత్రం నవ్వాడు.

14446 కు వదినే ఫోన్ చేసింది. స్ట్రిప్పులు ఆమె బియ్యం డబ్బాలో పెట్టింది, వాళ్లు చెప్పినట్టు లెక్క ప్రకారం ఇస్తోంది. నిన్న రాత్రి ఇంకొకటి కావాలని గొడవ చేశాడు, గిన్నె విసిరాడు. ఇవ్వలేదు. మిషను తాళం మా చిన్నాన్న దగ్గర ఉంది. వానాకాలం కోతలకు ఎవరు తోలతారని అన్న ఒకటే అడుగుతున్నాడు, వదిన తమ్ముడు వస్తానన్నాడు.

సోమవారం తెల్లవారుజామున బస్సుకు ఎర్రగడ్డ పోతున్నాం. స్కాన్ కాగితాలు, ఫిట్స్ మాత్రల చీటీ, ఖాళీ స్ట్రిప్పుల కవరు సంచిలో సర్దాను. అక్కడ ఓపీ చీటీలు ఎన్నింటి దాకా ఇస్తారో తెలిసినవాళ్లు చెప్పండి.