డ్రమ్స్ కలవగానే గిటార్ చెడిపోతోంది

ప్రశ్న: నేను చేసిన రికార్డింగ్‌లో విడిగా వింటే గర్జించే గిటార్, డ్రమ్స్ కలవగానే కందిరీగల గుంపులా వినిపిస్తోంది. ఎస్‌ఎం57 మైకును ఆంప్ (యాంప్లిఫయర్) స్పీకర్ నడిమధ్యకు గురిపెట్టాను. డిస్టార్షన్ (గిటార్ ధ్వనిని గరగరలాడించే ఎఫెక్ట్) ఇంకా పెంచాలా?

జవాబు: పెంచకండి, తగ్గించండి. మైకును కాస్త అంచు వైపు జరపండి, కీచుదనం చాలావరకు అక్కడే పోతుంది. అదే భాగాన్ని మళ్లీ వాయించి రికార్డు చేసి, ఒకటి ఎడమ స్పీకర్‌కు, ఒకటి కుడి స్పీకర్‌కు పంపండి. కాపీ చేసి అతికిస్తే మాత్రం వెడల్పు రాదు.

మరొకరు: గిటార్ ధ్వనిలో 80 హెర్ట్జ్ కంటే కిందున్న లోతైన భాగాన్ని కోసేయండి. అది బేస్ గిటార్, కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్)ల చోటు.

ప్రశ్న అడిగినవారు: డ్రమ్స్‌కు రెండే మైకులున్నాయి మరి.

మొదటి జవాబిచ్చినవారు: చాలు. రెండూ స్నేర్ (సెట్‌లో పదునుగా మోగే చిన్న డ్రమ్) నుంచి సమాన దూరంలో ఉండాలి, తాడు పట్టి కొలవండి. శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు వెళుతుంది. దూరంలో తేడా వస్తే దెబ్బ రెండు మైకులకు వేర్వేరు సమయాల్లో చేరి, స్నేర్ డొల్లగా మోగుతుంది. అన్నట్టు, అరిగిన డ్రమ్ తోళ్లు మార్చకుండా ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్) కొనేవారిని చూస్తే నాకు ఒళ్లు మంట.