‘ప్రీపోన్’ ఇంగ్లీషేనా? నోటీసులో రాయొచ్చా, కొట్టేయాలా?

కాకినాడ లెక్చరర్:
మా కాలేజీ వార్షికోత్సవం 21న అనుకున్నాం. ఆ రోజు హాలు ఖాళీ లేదన్నారు, దాంతో 14కి తెచ్చాం. ఆఫీసులో అబ్బాయి ఇంగ్లీషు నోటీసు టైపు చేస్తూ ‘ప్రీపోన్డ్’ అని కొట్టాడు. ప్రిన్సిపాల్ గారు ఆ మాట మీద అడ్డగీత గీసి, “ఇది ఇంగ్లీషు కాదమ్మా, మనవాళ్ల కల్తీ” అన్నారు. ఇంగ్లీషు చెప్పేది నేనే కాబట్టి తీర్పు నా నెత్తిన పడింది. స్టాఫ్ రూమ్ అప్పుడే రెండు జట్లయింది. మీరేమంటారు? ఊరికే తప్పు, ఒప్పు అని వదిలేయకుండా కారణం కూడా చెప్పండి.

ఎర్రసిరా:
తప్పే. నా సర్వీసంతా పిల్లల పేపర్లలో దీన్ని కొట్టేస్తూనే వచ్చాను. బ్రిటిష్ వాడు ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అంటాడు, అమెరికా వాడు ‘మూవ్ అప్’ అంటాడు, పద్ధతిగా రాయాలంటే ‘అడ్వాన్స్’ ఉండనే ఉంది. ఇన్ని ఉండగా ఇదెందుకు? పోస్ట్ తీసేసి ప్రీ తగిలిస్తే మాట పుట్టేస్తుందా? అడ్జర్న్‌కి ఎదురుగా ప్రీజర్న్ అనరే! ప్రిన్సిపాల్ గారిదే న్యాయం.

నిఘంటు పురుగు:
మాస్టారూ, మీరు కొట్టేసిన మాటకు వంశవృక్షం ఉంది, కాస్త ఓపిగ్గా వినండి.

పోస్ట్‌పోన్ లాటిన్ నుంచి వచ్చింది. ‘పోస్ట్’ అంటే తర్వాత, ‘పోనెరె’ అంటే పెట్టడం. వెనక పెట్టడమే వాయిదా. అదే లాటిన్‌లో ‘ప్రేపోనెరె’ అనే క్రియ కూడా ఉంది, ముందు పెట్టడం అని. అది ఇంగ్లీషులోకి రాలేదనుకుంటున్నారా? మీరు ఆరో తరగతి పిల్లలకు చెప్పే ‘ప్రిపోజిషన్’ దాని బిడ్డే. నామవాచకానికి ముందు పెట్టేది కాబట్టి ఆ పేరు. కాబట్టి ప్రీ పక్కన పోన్ చేరడం లాటిన్ తెలిసినవాడికి వింతేమీ కాదు. మీ అడ్జర్న్ పోలిక ఇక్కడ నిలబడదు. అందులో ‘జర్న్’ ఫ్రెంచివాళ్ల రోజు, అక్కడ పెట్టడం, తీయడం ఏమీ లేదు.

ఇక ‘మనవాళ్ల కల్తీ’ సంగతి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు ఈ మాటకు చూపించే పాత వాడుక 16వ శతాబ్దపు ఇంగ్లండుది. రాబర్ట్ క్రౌలీ అనే మతబోధకుడు దేవుణ్ణి ఎప్పుడూ కళ్లెదుట ఉంచుకుంటాననే సందర్భంలో వాడాడు. అంటే అక్కడ ‘ఎదురుగా పెట్టుకోవడం’ అని అర్థం, తేదీలతో పని లేదు. తేదీ అర్థం 1913లో వచ్చింది, అదీ అమెరికాలో. ట్రెనర్ అనే పాఠకుడు న్యూయార్క్ టైమ్స్‌కు ఉత్తరం రాస్తూ, ఈ హడావుడి కాలంలో పోస్ట్‌పోన్‌కు ఒక పోటీదారు కావాలని, ముఖ్యంగా లాయర్లకు పనికొస్తుందని, ప్రీపోన్ అనే మాటను తాను పుట్టిస్తున్నానని ప్రకటించాడు. అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. మన దేశంలో మాత్రం కుదురుకుంది, 20వ శతాబ్దం చివరికి ఆఫీసుల్లో మామూలు మాటైంది. ఆ ఉత్తరం చదివి మనవాళ్లు తెచ్చుకున్నారని నేననడం లేదు. అవసరం ఉన్న చోట మాట మళ్లీ పుట్టి ఉంటుంది, అంతే.

ఎర్రసిరా:
క్రౌలీ వాడాడు, ట్రెనర్ వాడాడు, సరే. తర్వాత ఎవరూ వాడలేదని మీరే అంటున్నారు. వాడుకలో లేని మాట చచ్చిన మాట. పాడె మీంచి లేపుకొచ్చి నోటీసు బోర్డుకు అంటించడమెందుకు?

నిఘంటు పురుగు:
వాడుక లేకపోవడమేమిటండీ! ఆక్స్‌ఫర్డ్ వాళ్లు విద్యార్థుల కోసం వేసే నిఘంటువులో ఉంది, కేంబ్రిడ్జ్ వాళ్ల దాంట్లో ఉంది. రెండిట్లోనూ ‘భారతీయ ఇంగ్లీషు’ అని గుర్తు పెట్టారు. అది వాడే ప్రాంతం చెప్పే గుర్తు, తప్పు అని వేసిన ముద్ర కాదు.

డల్లాస్‌వాసి:
పుట్టుక సంగతి నాకు తెలీదు గానీ దీని వల్ల జరిగింది చెప్తా. హైదరాబాద్ టీమ్ నుంచి ‘రిలీజ్ ప్రీపోన్ అయింది’ అని ఒక్క వాక్యం మెయిల్ వచ్చింది. తేదీ లేదు. మా మేనేజర్ టెక్సస్ మనిషి. నా డెస్క్ దగ్గరికొచ్చి స్క్రీన్ మీద ఆ మాట చూపించి, “పోస్ట్‌పోన్‌లో అక్షరాలు తప్పు పడ్డాయా?” అని అడిగాడు. రిలీజ్ వెనక్కి వెళ్లిందనుకుని అప్పటికే టెస్టింగ్ వాళ్లకు సెలవులిచ్చేశాడు. అక్కణ్ణుంచి రెండు రాత్రులు మాకు నిద్ర లేదు. మాట గొప్పదే కావచ్చు అన్నా, అవతలివాడికి తెలియకపోతే ఏం లాభం?

తెనాలి డెస్క్:
డల్లాస్ తమ్ముడు చెప్పింది నిజమే, కానీ ‘ఇంగ్లీషు వాళ్ల ఇంగ్లీషు’ రాస్తే గండం తప్పుతుందనుకోవద్దు. బుధవారం మీటింగును రెండు రోజులు ‘మూవ్ ఫార్వర్డ్’ చేశారంటే సోమవారమా, శుక్రవారమా? లెరా బొరొడిట్స్కీ, మైకేల్ రాంస్కార్ అనే మనస్తత్వ పరిశోధకులు అమెరికాలో ఇదే ప్రశ్న జనాన్ని అడిగి 2002లో పేపరు వేశారు. మామూలుగా అడిగితే దాదాపు సగం మంది అటు, సగం మంది ఇటు. విమానాశ్రయంలో అడిగినప్పుడు, అప్పుడే విమానం దిగినవాళ్లు ఎక్కువగా శుక్రవారమన్నారు. తాము ముందుకు ప్రయాణించి వచ్చారు కదా, మీటింగునూ తమ వెంట తీసుకెళ్లారన్నమాట! ఇదంతా ఇంగ్లీషు మాట్లాడే దేశంలోనే. ప్రీపోన్ అన్న మాట తెలిసినవాడు దాన్ని శుక్రవారం అనుకునే ప్రమాదం లేదు.

తెలుగులోనూ ఇదే తలనొప్పి. ‘ముందు రోజు’ అంటే గడిచిపోయిన రోజు. ‘ముందు ముందు తెలుస్తుంది’ అంటే రాబోయే కాలం. మరి పరీక్షలు ‘ముందుకు జరిగాయి’ అని హెడ్డింగ్ పెడితే? పెట్టిన రోజు డెస్క్‌కు ఫోన్లే ఫోన్లు. వాయిదాకు ఎదురుగా ఒక్క మాటైనా మనకుందా? ‘ముందస్తు’ ఉంది. 2018లో తెలంగాణ అసెంబ్లీ సెప్టెంబరులో రద్దయి డిసెంబరులో ఎన్నికలు జరిగితే అందరం ‘ముందస్తు ఎన్నికలు’ అనే రాశాం. ముందస్తు బెయిల్ కూడా చెల్లుతుంది. కానీ దానికి క్రియ లేదు. ‘పరీక్షలను ముందస్తు చేశారు’ అని ఏ సబ్ ఎడిటరూ రాయడు. అందుకే తాంబూలాలు పుచ్చుకున్న ఇంట్లో కూడా “మూఢం వస్తోందని పెళ్లి ప్రీపోన్ చేశారండీ” అనేస్తున్నారు. ఇంగ్లీషు ముక్క రాని పెద్దవాళ్ల నోటా విన్నాను.

గౌలిగూడ వకీలు:
ట్రెనర్ గారు లాయర్లకని పుట్టించాడంటే నవ్వొచ్చింది. మాకు అవసరమైన వాయిదా ఒక్కటే, అది పుష్కలంగా దొరుకుతుంది! కేసును ఇచ్చిన తేదీ కంటే ముందే పిలిపించుకోవాలంటే మేం వేసేది ‘అడ్వాన్స్ పిటిషన్’. అందులో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీకి అని రెండూ రాయాలి. కాబట్టి ఏ క్రియ వాడినా గొడవ రాదు. లెక్చరర్ మేడమ్, మీ నోటీసులో పాత తేదీ ఉందా?

కాకినాడ లెక్చరర్:
లేదండీ. ‘యాన్యువల్ డే ప్రీపోన్డ్ టు 14’ అని మాత్రమే.

నిఘంటు పురుగు:
ఆ నోటీసులో ప్రీపోన్ అన్న మాటే లేకపోతే, జరుపుతున్నది ముందుకో వెనక్కో పాత తేదీ గుర్తు లేనివాడికి తెలిసేది కాదు. అంటే ప్రిన్సిపాల్ గారు కొట్టేసిన మాటే అందులో అసలు సమాచారం.

నా మట్టుకు నేను ఇలా చూస్తాను. కాలేజీ నోటీసు చదివేది కాకినాడ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు. వాళ్లలో ఈ మాట తెలియనివాళ్లు అరుదు. అక్కడ నిక్షేపంగా రాయొచ్చు. డల్లాస్‌కు పోయే మెయిల్లో రాయకూడదు. విదేశీ విశ్వవిద్యాలయానికి పంపే అప్లికేషన్లో అసలే వద్దు, అక్కడి గుమాస్తాకు ఇంగ్లీషు పాఠం చెప్పే బాధ్యత మనకు లేదు.

ఎర్రసిరా:
ఇలా గేటు తెరిస్తే రేపు ‘రివర్ట్’ వస్తుంది. జవాబివ్వండి అనడానికి ‘ప్లీజ్ రివర్ట్’ అని రాస్తున్నారు. దాన్నీ సమర్థిస్తారా?

నిఘంటు పురుగు:
సమర్థించను. రివర్ట్‌కు పూర్వస్థితికి తిరిగి వెళ్లడమనే అర్థం ఎప్పుడో స్థిరపడింది, పైగా ‘రిప్లై’ అనే చిన్న మాట చేతిలో ఉంది. కొత్త అర్థం పాతదానికి అడ్డం పడుతోంది. ప్రీపోన్ ఎవరికీ అడ్డం పడలేదు, ఖాళీ కుర్చీలో కూర్చుంది. ‘అడ్వాన్స్’ ఉందిగా అన్నారు. మన ఊళ్లో ఎవరైనా ‘హాలుకు అడ్వాన్స్ చేశాం’ అంటే మీకు తేదీ గుర్తొస్తుందా, డబ్బు గుర్తొస్తుందా?

డల్లాస్‌వాసి:
హహ, డబ్బే. ఇప్పుడు మా టీమ్‌లో రూలు పెట్టాం: క్రియ మీ ఇష్టం, పాత తేదీ, కొత్త తేదీ, వారం పేరుతో సహా ఉండాలి. లేకపోతే మెయిల్ తిప్పి పంపుతాం.

కాకినాడ లెక్చరర్:
నోటీసు మళ్లీ టైపు చేయించాను. ‘21 శనివారం జరగాల్సిన వార్షికోత్సవం 14 శనివారానికి ప్రీపోన్ అయింది’ అనే భావంతో ఇంగ్లీషులో పెట్టి, ఆక్స్‌ఫర్డ్ పేజీ ఫొటో తీసి ప్రిన్సిపాల్ గారికి చూపించాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివి, ‘భారతీయ ఇంగ్లీషు’ అన్న చోట వేలు పెట్టి, “నేనన్నదీ ఇదే కదమ్మా” అంటూ సంతకం పెట్టేశారు!

ఎర్రసిరా:
సంతకం ఆయనది, నాది కాదు. నోటీసులో రాసుకోండి. పరీక్ష పేపర్లో రాస్తే మాత్రం అర మార్కు కోస్తాను.