టైర్లు మార్చకుండా 2 అంగుళాల లిఫ్ట్ వేయించవచ్చా?

ప్రశ్న: కంపెనీ టైర్లనే ఉంచి, స్ప్రింగుల పైన స్పేసర్లు (ఎత్తు పెంచే దిమ్మెలు) పెట్టించి నా ఎస్‌యూవీని 2 అంగుళాలు, అంటే దాదాపు 50 మిల్లీమీటర్లు, ఎత్తు చేయించాలనుకుంటున్నాను. రాళ్ల దారిలో బండి అడుగు తగులుతోంది. దీనివల్ల ప్రయోజనం ఉంటుందా?

మొదటి జవాబు: బాడీ కింద ఖాళీ పెరుగుతుంది కానీ, వెనుక సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న బండి అయితే దాని మీద గేర్లుండే డిఫరెన్షియల్ గుండు ఇప్పుడున్న ఎత్తులోనే ఉండిపోతుంది; దాన్ని లేపగలిగేది పెద్ద టైరే. ముందు బండి కిందికి దూరి గీతలు ఎక్కడ పడ్డాయో చూడండి.

రెండవ జవాబు: ముందు చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలే అమరిక) ఉంటే, చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టుల వాలు పెరుగుతుందని మరవకండి. నా బండికి లిఫ్ట్ వేయించిన కొన్ని నెలలకే ఆ షాఫ్టు చివర కీలులా వంగే సీవీ జాయింట్ రబ్బరు బూటు మడత దగ్గర చిట్లి, గ్రీజు రిమ్ము లోపలంతా చిమ్మింది. వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. హెడ్‌లైట్లు కూడా కిందికి సరిచేయించాలి, లేకపోతే ఎదుటివారి తిట్లు తప్పవు.

మూడవ జవాబు: చక్రాన్ని బండికి కలిపే కంట్రోల్ ఆర్మ్ బోల్టులను చక్రాలు నేల మీద ఆనిన తరువాతే పూర్తిగా బిగించమనండి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే ఆ ఆర్మ్‌లోని రబ్బరు బుష్‌లు మెలితిరిగి త్వరగా చినుగుతాయి.

ప్రశ్నించినవారు: చూశాను. గీతలన్నీ తలుపుల కింది అంచునే ఉన్నాయి, డిఫరెన్షియల్ మీద ఒక్కటీ లేదు. కాబట్టి లిఫ్ట్ వేయిస్తున్నాను.