భజనకీ రికార్డింగ్‌కీ రెండింటికీ పనికొచ్చే చిన్న అనలాగ్ మిక్సర్ ఏది తీసుకోమంటారు? (పర్లాకిమిడి వైపు)

చేతాళం_పర్లాకిమిడి:

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. మా రామమందిరంలో ప్రతి శనివారం భజన ఉంటుంది, ధనుర్మాసం వస్తే రోజూ, శ్రీరామనవమికి బయట ఊళ్ళవాళ్ళు కూడా పిలుస్తారు, అటు పాతపట్నం దాకా వెళ్తాం. పాడేవాళ్ళు ముగ్గురు, ఒక హార్మోనియం, మృదంగం, కీబోర్డు ఒక తమ్ముడు వాయిస్తాడు, తాళాలు ఎలాగూ ఉంటాయి. ఇప్పుడు మా దగ్గర ఉన్నది ఒక పాత అహూజా ఆంప్లిఫయర్, రెండు కాలమ్ బాక్సులు, మూడు మైకులు. మైకులన్నీ నేరుగా ఆంప్లిఫయర్‌కే పెట్టేస్తాం, దానికి ఉన్నవి బాస్, ట్రెబుల్ రెండు నాబ్‌లే, ఎవరి గొంతు ఎలా ఉన్నా అందరికీ అదే.

మిక్సర్ (మైకులన్నీ విడివిడిగా సరిచేసి కలిపే పెట్టె) కావాలనుకోడానికి అసలు కారణం వేరే ఉంది. మా భజనలో పెద్దాయన ఒకాయన ఉన్నారు, 70 దాటేయి, ఆయనకి వచ్చిన తత్వాలు కొన్ని ఎక్కడా రాసి లేవు. మా పిల్లలు చదివేది ఒడియా బడిలో, ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదు, కాబట్టి రాసిపెట్టినా లాభం లేదు, విని నేర్చుకోవాల్సిందే. ఫోన్ బాక్స్ ముందు పెట్టి రికార్డ్ చేశాం, గరగరమని శబ్దం తప్ప మాట ఒక్కటీ తెలియట్లేదు.

చందాలు వేసుకుంటే 25 వేల దాకా వస్తాయి. యమహా ఎంజీ10ఎక్స్‌యూ, సౌండ్‌క్రాఫ్ట్ నోట్‌ప్యాడ్ 12ఎఫ్‌ఎక్స్, బెరింగర్ జెనిక్స్ 1202ఎఫ్‌ఎక్స్ ఈ మూడూ చూశాను. షాపాయన 12 ఛానల్ అన్నది తీసుకో, 10 కన్నా రెండు ఎక్కువ కదా అంటున్నాడు. ఏది తీసుకోమంటారు?

గునుపురం_సౌండ్:

అన్నా, నాది గునుపురం, పదిహేనేళ్ళ నుంచి పెళ్ళిళ్ళకీ జాతరలకీ సెట్ కడుతున్నాను. డబ్బా మీద రాసిన 12, 10 అన్న అంకె ముందు మర్చిపోండి, అవి మైకుల లెక్క కాదు. జెనిక్స్ 1202 పేరులో 12 ఉన్నా మైకు పెట్టుకునే ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు నాలుగే, మిగతా ఎనిమిదీ నాలుగు స్టీరియో జతలు, కీబోర్డుకీ లాప్‌టాప్‌కీ పనికొస్తాయి గానీ మైకు పెడితే వినబడదు. ఎంజీ10ఎక్స్‌యూ కూడా నాలుగు మైకులు, మూడు స్టీరియో జతలు, మొత్తం కలిపి 10. నోట్‌ప్యాడ్ 12ఎఫ్‌ఎక్స్‌కి కూడా మైకులు నాలుగే. మీరు చూసిన మూడూ నాలుగు మైకుల మిక్సర్లే అన్నమాట.

ఇప్పుడు మీకు ఎన్ని కావాలో వేళ్ళ మీద లెక్కెయ్యండి. గొంతులు మూడు, హార్మోనియంకి ఒకటి, మృదంగానికి ఒకటి, అప్పుడే ఐదు అయిపోనాయి. మృదంగానికి రెండు మూతలకీ రెండు పెడితే ఆరు. కీబోర్డు లైన్‌లో, అంటే ఆ స్టీరియో జతలో వెళ్ళిపోతాది, దానికి మైకు సాకెట్ అక్కర్లేదు. తాళాలకి మైకు వద్దే వద్దు, అవి పెట్టకపోయినా అన్ని మైకుల్లోనూ దూరిపోతాయి. కాబట్టి మీకు కావాల్సింది ఆరు మైకు సాకెట్లు ఉన్నది. యమహాలో అయితే ఎంజీ12ఎక్స్‌యూ, దానికి ఆరు ఉంటాయి. కొత్తది మీ డబ్బుకి అందకపోతే వాడినది చూడండి, నేను ఇప్పటికీ నడుపుతున్నది వాడినదే.

వాడినది తీసుకునేటప్పుడు మాత్రం హెడ్‌ఫోన్ పట్టుకెళ్ళండి. ఒక మైకు పెట్టి, ఆరు సాకెట్లలోనూ ఒక్కోటీ మార్చి మార్చి మాట్లాడి వినండి, ప్లగ్‌ని సాకెట్‌లో కొంచెం అటూ ఇటూ కదపండి, ఫేడర్ (శబ్దం పెంచే తగ్గించే జారుడు మీట) కింద నుంచి పైకి మెల్లగా తొయ్యండి, కరకరమంటే లోపల దుమ్మో అరుగుదలో ఉన్నట్టు. ఒక కండెన్సర్ మైకు (మిక్సర్ నుంచి కరెంటు వస్తేనే పనిచేసే మైకు) అరువు తెచ్చుకుని ఆ కరెంటు, అంటే 48 వోల్ట్ ఫాంటమ్, వస్తుందో లేదో చూడండి. దీనికి అరగంట పడతాది, షాపాయన విసుక్కున్నా సరే, చూడకుండా డబ్బు ఇవ్వకండి.

ఇంకోటి, ఎంజీ10ఎక్స్‌యూకి ఫేడర్లు ఉండవు, తిప్పే నాబ్‌లే. చీకట్లో పందిట్లో కూర్చుని ఎవరిది ఎంత ఉందో ఒక్క చూపులో తెలియాలంటే ఫేడరే కావాలి. ఆక్స్ (మిక్సర్ నుంచి విడిగా ఇంకో చోటికి శబ్దం పంపే దారి) కూడా దానికి ఒక్కటే, ఎకో లాంటి ఎఫెక్ట్‌కీ అదే, బయటికీ అదే. 12ఎక్స్‌యూకి రెండు ఆక్స్‌లు, మొదటిదానికి ప్రీ అని ఒక స్విచ్ ఉంటాది. అది నొక్కితే ఆ ఆక్స్‌లోకి వెళ్ళేది ఫేడర్‌తో సంబంధం లేకుండా వెళ్తాది. పాడేవాళ్ళ ముందు మానిటర్ బాక్స్ పెడితే దాని విలువ తెలుస్తాది, జనానికి గొంతు తగ్గించినా పాడేవాడికి తన గొంతు తగ్గదు.

బరంపురం_టేపు:

గునుపురం అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను రికార్డింగ్ వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే పెద్దాయన తత్వాలు అన్న మాట చదివాక ఊరుకోలేకపోయాను.

ఈ చిన్న మిక్సర్లలో యూఎస్‌బీ ఉంది అంటే ప్రతి మైకూ విడివిడిగా లాప్‌టాప్‌లోకి వస్తుంది అనుకుంటారు, రాదు. యమహా రెండు మోడళ్ళలోనూ వచ్చేది ఎడమ కుడి రెండే, అంటే ఆ రోజు మీరు ఎలా కలిపారో అదే, తర్వాత విడదీయడానికి లేదు. నోట్‌ప్యాడ్ 12ఎఫ్‌ఎక్స్ నాలుగు ఇన్ నాలుగు అవుట్ (నాలుగు లాప్‌టాప్‌లోకి, నాలుగు తిరిగి మిక్సర్‌కి) ఇస్తుంది, అలెన్ అండ్ హీత్ జెడ్ఈడీఐ-10 కూడా నాలుగే. అన్నీ విడిగా కావాలంటే సౌండ్‌క్రాఫ్ట్ సిగ్నేచర్ 12 ఎంటీకే, లేదా కంప్యూటర్ లేకుండా ఎస్‌డీ కార్డులోకే రాసుకునే టాస్కామ్ మోడల్ 12, అవి మీ బడ్జెట్‌కి దూరం.

అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, నేను ఒకసారి ఒక ఊళ్ళో భజన మిక్సర్ నుంచే రికార్డ్ చేశాను, అక్కడ వింటుంటే చాలా బాగుంది, ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే గొంతులు మొహం మీదే ఉన్నాయి, మృదంగం ఎక్కడో పక్కింట్లో వాయిస్తున్నట్టుంది, జనం ‘గోవిందా’ అన్నది అసలు లేనే లేదు. కారణం ఆలోచిస్తే సులువే. చిన్న మందిరంలో మృదంగం ఏ మైకూ లేకుండానే గోడలు అదిరేలా వినబడుతుంది, అందుకని మనం దాని ఫేడర్ కిందకి దించేస్తాం, బాక్సుల్లోంచి వెళ్ళేది గొంతే ఎక్కువ. మిక్సర్‌లోంచి రికార్డయ్యేది బాక్సులకి వెళ్ళేదే కదా, గాల్లో కలిసింది అందులో ఉండదు. మందిరం ఎంత చిన్నదైతే ఈ తేడా అంత ఎక్కువ.

దీనికి ఆ ప్రీ స్విచ్ ఉన్న ఆక్స్ పనికొస్తుంది. మానిటర్‌కి వాడకపోతే దాన్ని రికార్డింగ్‌కి పెట్టెయ్యండి, అందులో మృదంగం కావలసినంత పెంచుకోండి, ఆక్స్ సెండ్ జాక్ నుంచి ఒక చిన్న రికార్డర్ లైన్ ఇన్‌కి తీసుకోండి. జనం వినే ఫేడర్ మీరు ఎంత కదిపినా రికార్డింగ్ కదలదు. దానితో పాటు ఇంకో ఫోనో రికార్డరో మందిరం మధ్యలో, బాక్సులకి దూరంగా పెట్టి జనం గోల, తాళాలు విడిగా పట్టండి. మొదలుపెట్టే ముందు ఒక్కసారి గట్టిగా చప్పట కొట్టండి, రెండు ఫైళ్ళలోనూ ఆ చప్పట చోటు చూసి ఆడాసిటీ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో జరిపి కలుపుకోవచ్చు, అది ఉచితమే. దూరంగా పెట్టిన ఫోన్‌కి శబ్దం మీటరుకి 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, 10 మీటర్లయితే 30, సరిచెయ్యకపోతే తాళం డబుల్‌గా వినబడుతుంది. పెద్ద ప్రోగ్రాం అయితే చివర్లో కూడా ఒక చప్పట కొట్టండి, రెండు మెషీన్లూ ఒకే వేగంతో నడవవు, గంట గడిచేసరికి కొంచెం పక్కకి పోతాయి.

ఇక ఎకో. భజనలో ఎకో పెంచితే పాడేవాడికి బాగుంటుంది, వినేవాడికి మాట పోతుంది. మీకు కావలసిందే మాట. రికార్డింగ్ వైపు ఎకో సున్నా ఉంచండి, తర్వాత కావాలంటే కలపొచ్చు, ఎక్కినదాన్ని తియ్యలేం.

చేతాళం_పర్లాకిమిడి:

బరంపురం అన్నా, మీరు చెప్పిన పక్కింటి మృదంగం మాకూ అచ్చం అలాగే అయింది, మైకు పాడైందేమో అనుకుని కొత్తది కొన్నాం కూడా. మూడు మిక్సర్లూ నాలుగు మైకులవే అన్న సంగతి ఇక్కడ అడక్కపోతే తెలిసేదే కాదు.

రెండు సందేహాలు. మిక్సర్ అవుట్‌ని మా అహూజాకి ఎలా కలపాలి? మొన్న ఒకాయన తన మిక్సర్ తెచ్చి పెడితే ఒకటే హుమ్మ్ అని మోత, పైగా పెద్దాయన మైకు దగ్గరగా పెట్టుకుంటే పెదవికి జివ్వుమని షాక్ కొట్టింది. ఆయన ఆ రోజు మళ్ళీ మైకు పట్టుకోలేదు.

రాయగడ_కరెంటు:

తమ్ముడూ, ముందు షాక్ సంగతి మాట్లాడదాం, మిక్సర్ బేరం తర్వాత. నేను 30 ఏళ్ళుగా వైరింగ్ చేస్తున్నాను, మజ్జిగౌరి గుడి చైత్ర పండగలో సెట్లకి కరెంటు ఇచ్చినవాణ్ణి. పెదవికి జివ్వుమందంటే మైకు జాలీ మీదకి కరెంటు వచ్చింది, అంటే ఆంప్లిఫయర్‌కో మిక్సర్‌కో కీబోర్డుకో ఎర్త్ లేదు. చాలామంది హుమ్మ్ పోవడానికి ప్లగ్ మూడో పిన్ను పీకేస్తారు. హుమ్మ్ పోతుంది, లోపల ఎక్కడైనా లీకేజ్ ఉంటే అది పోయే దారి కూడా పోతుంది, అప్పుడు దారి పాడే మనిషే. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి పాడతారు మనవాళ్ళు, ఆ పని ఎప్పుడూ చెయ్యనివ్వకండి. మీ మందిరం బోర్డులో ఎర్త్ నిజంగా ఉందో లేదో మీ ఊరి కరెంటు ఆయనతో టెస్ట్ చేయించండి, 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఒకటి పెట్టించండి, మిక్సర్ మీద ఖర్చు కన్నా ముందు అది చేయించండి.

హుమ్మ్‌కి వేరే మందులు ఉన్నాయి. మిక్సర్, ఆంప్లిఫయర్, కీబోర్డు, లాప్‌టాప్ అన్నీ ఒకే సాకెట్ నుంచి వచ్చిన ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టండి, సగం మందిరం సాకెట్‌లో సగం పక్కింటి సాకెట్‌లో పెడితే మోత రాక ఏమవుతుంది. లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి, చాలాసార్లు అక్కడే పోతుంది. కీబోర్డుకి డీఐ బాక్స్ (లైన్‌ని మైకు సాకెట్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె, అప్పుడు ఒక మైకు సాకెట్ దీనికి పోతుంది, మృదంగానికి ఒక్క మైకే పెట్టుకోండి) ఒకటి కొనండి, దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, అది సిగ్నల్ వైపు ఎర్త్‌ని మాత్రమే తెంపుతుంది, కరెంటు ఎర్త్‌ని ముట్టదు, తేడా అక్కడ ఉంది.

అహూజాకి కలపడం: మైకు సాకెట్లో పెట్టొద్దు, మిక్సర్ నుంచి వచ్చేది మైకు కన్నా వందల రెట్లు పెద్ద సిగ్నల్, శబ్దం గరగరమని చీలిపోతుంది. ఆంప్లిఫయర్ వెనక ఆక్స్ అనో లైన్ అనో రాసి ఉన్న ఇన్‌పుట్‌కి (ఇది మిక్సర్ ఆక్స్ కాదు) పెట్టండి, ఆంప్లిఫయర్ మీద ఆ నాబ్ తప్ప మిగతా మైకు నాబ్‌లన్నీ సున్నాకి తిప్పెయ్యండి, బాస్ ట్రెబుల్ మధ్యలో పెట్టెయ్యండి. ఆంప్లిఫయర్ మోనో కాబట్టి మిక్సర్ నుంచి ఒక్క ఎడమ అవుట్ చాలు, కానీ అప్పుడు పాన్ నాబ్‌లన్నీ (శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపేవి) మధ్యలోనే ఉండాలి, కీబోర్డుని ఎల్/మోనో అని ఉన్న జాక్ నుంచి ఒక్క తీగతో తీసుకోండి, లేకపోతే సగం కీబోర్డు వినబడదు.

ఇంకోటి. ఫాంటమ్ స్విచ్ చిన్న మిక్సర్లలో అన్ని మైకులకీ కలిపి ఒక్కటే ఉంటుంది. మామూలు డైనమిక్ మైకుకి మంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ ఉంటే ఏమీ కాదు, కానీ లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్‌కి ఎవరో అతికించిన తీగ పెట్టి ఫాంటమ్ నొక్కితే ఆ 48 వోల్టులు లాప్‌టాప్‌లోకి పోతాయి. మా అబ్బాయిది అలాగే పోయింది, ఆ రోజు నుంచి సౌండ్ రాలేదు.

జయపురం_బాక్స్:

ఇవన్నీ ఎందుకు బ్రదర్, బెరింగర్ ఎక్స్ ఎయిర్ ఎక్స్‌ఆర్18 చూడండి, డిజిటల్, 16 మైకులు, అన్నీ విడివిడిగా యూఎస్‌బీలో రికార్డవుతాయి, టాబ్లెట్ మీద నడుపుకోవచ్చు. కొంచెం ఆగి డబ్బు కూడబెట్టి తీసుకుంటే ఇంక చూసుకోనక్కర్లేదు.

గునుపురం_సౌండ్:

జయపురం తమ్ముడూ, మంచి సరుకే, నేను కాదనను, కానీ డబ్బు అందదు, పైగా భజన మందిరంలో మిక్సర్ దగ్గర ఒక్కో వారం ఒక్కో మనిషి కూర్చుంటాడు. కూయ్‌మని విజిల్ వచ్చినప్పుడు చెయ్యి నేరుగా నాబ్ మీదకి పోవాలి, టాబ్లెట్‌లో ఏ పేజీలో ఉందో వెతుక్కునే టైం ఉండదు. అనలాగ్‌కి ఒక్కో గంటకి ఒక్కోటి నేర్పించొచ్చు. ముందు గెయిన్ (మైకు సిగ్నల్ మొదట ఎంత పెరగాలో పెట్టే నాబ్) ఒక్కటే నేర్పించండి: పాడేవాడిని గట్టిగా పాడించి, పీఎఫ్‌ఎల్ (ఆ ఒక్క మైకునే మీటర్‌లో చూపించే బటన్) నొక్కి, మీటర్ సున్నా దగ్గర ఆడేలా గెయిన్ పెట్టి ఇంక దాన్ని ముట్టొద్దు, మిగతాదంతా ఫేడర్‌తోనే. గొంతు మైకులకి లో కట్ బటన్ (బాగా లోతు శబ్దాలు తగ్గించేది) నొక్కెయ్యండి, గాలి, స్టాండ్ తగిలిన దడదడ తగ్గుతాది.

బరంపురం_టేపు:

చేతాళం అన్నా, ఒక మాట. మిక్సర్ వచ్చేదాకా పెద్దాయన్ని ఆపకండి. భజన రోజున కాదు, పగలు ఇంట్లో కూర్చోబెట్టండి, ఫ్యాన్ ఆపి, కిటికీ వేసి, పరుపులు బట్టలు ఉన్న గదిలో. ఫోన్ ఆయన నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కొంచెం పక్కగా పెట్టండి, ప, బ అన్నప్పుడు గాలి కొట్టదు. బాక్సులు లేవు, మోత లేదు కాబట్టి ఆ ఫోనే చాలు. ఒక్కో తత్వం ముందు దాని మొదటి పదం, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆయన నోటే చెప్పించండి. పాట అయ్యాక మాట మాటగా నెమ్మదిగా ఒకసారి చెప్పించండి, పిల్లలకి అదే ఎక్కువ పనికొస్తుంది.

చేతాళం_పర్లాకిమిడి:

ఆదివారం మధ్యాహ్నం రమ్మన్నారు ఆయన, ఇంట్లోనే. ఈ లోపు మందిరం బోర్డు తెరిపించి చూశాం, ఎర్త్ తీగ బోర్డు దాకా వచ్చి ఊరికే వేలాడుతోంది, దేనికీ కలపలేదు. రేపు గొయ్యి తవ్వి కొత్తగా ఎర్త్ వేస్తున్నారు, ఆర్‌సీసీబీకి కూడా డబ్బు తీసి పక్కన పెట్టాం. మిక్సర్ ఆరు మైకులదే, ఎంజీ12ఎక్స్‌యూ వాడినది దొరుకుతుందేమో బరంపురంలోనూ విశాఖలోనూ చూస్తాం. ఎవరి దగ్గరైనా కండెన్సర్ మైకు ఉంటే చెప్పండి, టెస్ట్ చెయ్యడానికి ఒక్క పూట చాలు, మేమే వచ్చి తీసుకెళ్తాం.