అసింక్ ఫంక్షన్లను గొలుసుగా కట్టి మళ్లీ మళ్లీ వాడాలంటే?

మధురవాడ_నోడ్:
విశాఖ ఫిషింగ్ హార్బర్ చేపల ధరలకు నోడ్‌లో (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) చిన్న సర్వీసు రాస్తున్నాను. ధరల పేజీ తేవడం, వంజరం, చందువా, రొయ్యల వరుసలు విడదీయడం, డేటాబేసులో పెట్టడం. మూడూ అసింక్ ఫంక్షన్లే (ఫలితం వెంటనే కాక తర్వాత ఇచ్చేవి). అర్రేలో (జాబితాలో) పెట్టి రెడ్యూస్‌తో (ఒక్కోదాని ఫలితాన్ని తర్వాతిదానికి అందించే మెథడ్) కలిపితే రెండోదానికి డేటా బదులు ప్రామిస్ (ఫలితం తర్వాత వస్తుందనే హామీ ఆబ్జెక్ట్) అందుతోంది. ఇదే గొలుసు ఎంవీపీ కాలనీ రైతుబజారు కూరగాయలకూ పనికిరావాలి. ఎలా కట్టాలండీ?

గాజువాక_జేఎస్:
అసింక్ ఫంక్షన్ పిలవగానే చేతికొచ్చేది ప్రామిసే, విలువ కాదు. మీ రెడ్యూస్ దాన్నే తర్వాతి ఫంక్షన్‌కు అందిస్తోంది. రెడ్యూసే కావాలంటే మొదటి విలువను ప్రామిస్ డాట్ రిజాల్వ్‌లో పెట్టి, ఒక్కో ఫంక్షన్‌నూ డాట్ దెన్‌కు ఇవ్వండి.

ఫర్-ఆఫ్ లూప్ ఇంకా మేలు. పైప్ అనే ఫంక్షన్ జాబితా తీసుకుని ఒక అసింక్ ఫంక్షన్‌ను తిరిగివ్వాలి. లోపల ఒకే వేరియబుల్. చుట్టు చుట్టుకీ దాన్ని ఇచ్చి తర్వాతి ఫంక్షన్‌ను పిలిచి, అవెయిట్ చేసి (ఫలితం వచ్చేదాకా ఆగి), వచ్చింది మళ్లీ అందులోనే వేయాలి. డీబగ్గర్‌లో ఏ అడుగు దగ్గరైనా ఆగి చూసుకోవచ్చు. ఫర్‌ఈచ్ మాత్రం వద్దు, అది దేనికోసమూ ఆగదు.

పైప్ గొలుసును కట్టి ఇవ్వాలి, నడపకూడదు. అసింక్ ఫంక్షన్ పిలిచిన క్షణమే పని మొదలవుతుంది, ఒకసారి తేలిన ప్రామిస్ మళ్లీ నడవదు. కాబట్టి అర్రేలో ఫంక్షన్ పేర్లే ఉండాలి, పక్కన బ్రాకెట్లు ఉండకూడదు (పెడితే అక్కడే పిలిచినట్టు). అప్పుడు రైతుబజారుకు మధ్య ఫంక్షన్ ఒక్కటి మారిస్తే చాలు.

సిరిపురం_బ్యాకెండ్:
పైవన్నీ సరే. ఫెచ్ (పేజీ తెచ్చే ఫంక్షన్) దగ్గర జాగ్రత్త: సర్వర్ 404 (పేజీ లేదు), 500 (సర్వర్ లోపం) ఇచ్చినా ప్రామిస్ రిజెక్ట్ కాదు, అంటే విఫలమైనట్టు తేలదు. రెస్పాన్స్‌లో ఓకే చూసి మీరే ఎర్రర్ విసరాలి. లేకపోతే ఎర్రర్ పేజీయే ధరల పేజీ అనుకుని రెండో అడుగు విడదీయబోతుంది.

రీట్రై (తప్పితే మళ్లీ ప్రయత్నించడం) కూడా ఫంక్షన్‌ను తీసుకుని ఫంక్షన్‌నే ఇచ్చే తొడుగులా రాయండి. 3 ప్రయత్నాలు, మధ్యలో 1, 2 సెకన్ల విరామం. దాన్ని తెచ్చే అడుగుకే తొడగండి. గొలుసంతటికీ తొడిగితే, డేటాబేసులో రాసేశాక జవాబు రాక తెగినప్పుడు అవే ధరలు రెండోసారి పడతాయి. తేదీ, మార్కెట్, సరుకు కలిపి యూనిక్ కీ (అదే వరుసను రెండోసారి పడనివ్వనిది) ఎలాగూ పెట్టుకోండి.

మధురవాడ_నోడ్:
లూప్ పనిచేసింది, థాంక్సండీ. కానీ డేటాబేస్ ఆబ్జెక్ట్‌లోని సేవ్ మెథడ్ నేరుగా ఇస్తే దిస్ (మెథడ్ ఏ ఆబ్జెక్ట్‌పై నడుస్తోందో చెప్పేది) అన్‌డిఫైన్డ్ అంటోంది. రెండు మార్కెట్లూ ఒకేసారి నడపొచ్చా?

గాజువాక_జేఎస్:
మెథడ్‌ను విడిగా పంపితే దాని ఆబ్జెక్ట్‌తో లంకె తెగిపోతుంది. యారో ఫంక్షన్‌లో చుట్టి ఇవ్వండి, లేదా బైండ్ చేయండి (ఆ ఆబ్జెక్ట్‌కు కట్టేయండి). రెండూ కలిపి నడపడానికి ప్రామిస్ డాట్ ఆల్‌సెటిల్డ్ వాడండి, ఒకటి తప్పినా రెండిటి ఫలితాలూ అందుతాయి. ప్రామిస్ డాట్ ఆల్ అయితే ఒకటి తప్పగానే మొత్తం రిజెక్ట్ అవుతుంది, రెండోది మాత్రం వెనక నడుస్తూనే ఉంటుంది, దాని ఫలితం మీకు అందదు.