ఓట్లు 34 శాతం, సీట్లు 63 శాతం, ఇదెలా సాధ్యం?

ప్రశ్న:
2024 బ్రిటన్ ఎన్నికల లెక్కలు చూస్తుంటే బుర్ర తిరుగుతోందండీ. లేబర్‌కి దాదాపు 34 శాతం ఓట్లు, సీట్లేమో 650లో 411. రిఫామ్ యూకేకి 14 శాతం పడితే 5 సీట్లు, అంతకన్నా తక్కువగా 12 శాతం వచ్చిన లిబరల్ డెమొక్రాట్లకి 72! ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచే దామాషా పద్ధతి పెడితే ఈ తేడా పోతుందా?

జవాబు 1:
అక్కడ ఎన్ని ఓట్లు వచ్చాయన్నది కాదు, ఎక్కడ వచ్చాయన్నదే లెక్క. నియోజకవర్గంలో అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు, సగం దాటక్కర్లేదు, సీటు వాళ్లదే, మిగతావాళ్లకి పడ్డవన్నీ వృథా. రిఫామ్ ఓట్లు దేశమంతా పలచగా పడ్డాయి, లిబరల్ డెమొక్రాట్లు గెలవగలిగే చోట్లే గట్టిగా పనిచేశారు.

జవాబు 2:
దామాషా అన్నా ఓట్ల శాతమే సీట్ల శాతం అయిపోదు. ఒక నియోజకవర్గంలో 5 సీట్లు, 'ఏ' అనే పార్టీకి 55 వేల ఓట్లు, 'బీ'కి 31 వేలు, 'సీ'కి 14 వేలు అనుకోండి. డీహాంట్ పద్ధతిలో ఒక్కొక్కరి ఓట్లని 1, 2, 3 అలా భాగించుకుంటూ పోయి పెద్దవి ఐదు ఏరి ఒక్కోదానికి ఒక సీటు ఇస్తారు (వేలల్లో): 55, 31, 27.5, 18.3, 15.5. 'ఏ'కి 3, 'బీ'కి 2, 'సీ'కి సున్నా. సెయింట్ లాగ్ పద్ధతిలో 1, 3, 5తో భాగిస్తారు, అప్పుడు 55, 31, 18.3, 14, 11 వస్తాయి, 'ఏ'కి 3, 'బీ'కి 1, 'సీ'కి 1. ఓట్లు అవే, ఫలితం వేరు! అసలు ఫార్ములా కన్నా నియోజకవర్గానికి ఎన్ని సీట్లన్నది ఇంకా ముఖ్యం, 3 సీట్లే ఉంటే ఇక్కడ 'సీ'కి ఎలా భాగించినా ఏమీ రాదు.

జవాబు 3:
కటాఫ్ సంగతి కూడా చూడండి, అంటే సీట్ల పంపకంలోకి రావాలంటే పార్టీకి కనీసం ఇన్ని ఓట్లు రావాలన్న గీత. జర్మనీలో మామూలుగా 5 శాతం దాటాలి, 2025లో బీఎస్‌డబ్ల్యూ పార్టీకి 4.98 శాతం వచ్చి ఆగిపోయింది, దాదాపు 25 లక్షల ఓట్లకి ఒక్క సీటూ లేదు, ఇది నాకు అస్సలు మింగుడుపడదు.

ప్రశ్న అడిగినవారు:
మరి మన ఏరియాకి ఒక ఎంపీ ఉండాలి, లెక్కా సరిపోవాలి అంటే దారి లేదా?

జవాబు 3:
ఉంది. న్యూజిలాండ్‌లో 1978లో, 1981లో తక్కువ ఓట్లు వచ్చిన నేషనల్ పార్టీయే అక్కడి లేబర్ పార్టీ మీద గెలిచి ప్రభుత్వం నడిపింది. జనానికి విసుగొచ్చి 1993 రెఫరెండంలో పద్ధతి మార్చేశారు, 1996 నుంచి ఒక్కొక్కరికి రెండు ఓట్లు. ఒకటి లోకల్ అభ్యర్థికి, ఇంకోటి పార్టీకి, మొత్తం ఎన్ని సీట్లు రావాలో పార్టీ ఓటే తేలుస్తుంది, లోకల్‌గా గెలిచినవి పోను మిగతావి పార్టీ ఇచ్చిన పేర్ల లిస్టులోంచి నింపుతారు. అక్కడా 5 శాతం కటాఫ్ ఉంది, కాకపోతే ఒక్క లోకల్ సీటు గెలిచినా ఆ అడ్డు తొలగిపోతుంది. నన్నడిగితే దీన్నే ఎంచుకుంటాను.